ఆగాల్సిన ఇంజన్ ఆగలేదు

"కీచుమంటోంది," అంది ఆ అమ్మాయి.

"ఏదండీ?"

"మీ ముందున్న ఇంజనే."

నేను తల వంచి, ఊపిరి బిగబట్టి విన్నాను. డగ డగ డగ డగ. ఒంట్లో ఏ జబ్బూ లేని డీజిల్ ఇంజన్ ఎలా మాట్లాడాలో అలాగే మాట్లాడుతోంది. అందులో కీచు లేదు, మూలుగు లేదు.

"ఏమీ లేదండీ. బ్రహ్మాండంగా ఉంది."

"ఉంది. సన్నగా. దోమ ఏడ్చినట్టు."

"దోమ ఏడుపు నేనెప్పుడూ వినలేదండీ."

"అందుకే ఇదీ వినపడ్డం లేదు."

షెడ్డులో ఉన్న పానాలన్నీ ఒక్కసారిగా నవ్వినట్టనిపించింది. నిజానికి నవ్వింది మా మావయ్య. లారీ చక్రం వెనక కూర్చుని, మొహం కనిపించకుండా, భుజాలు మాత్రం కుదుపుకుంటూ నవ్వుతున్నాడు. షెడ్డు ఆయనది, చెయ్యి నాది. డిప్లొమా పూర్తయిన దగ్గర్నుంచి డీజిల్ ఇంజన్ల సంగతి నేనే చూసుకుంటున్నాను. పొడుగ్గా ఉంటాననీ, బండి కిందికీ పైకీ ఒకటే ఆడుతుంటాననీ ఈ వీధిలో అందరూ నన్ను పిస్టన్ అంటారు. ఇంజన్ విషయంలో పిస్టన్ మాట కాదన్న మనిషి ఇంతవరకు ఈ గేటు దాటి లోపలికి రాలేదు.

ఇప్పుడొచ్చింది. ఇంటితో సహా వచ్చింది.

ఇంటితో సహా అంటే నిజంగానే ఇల్లు. మోటర్‌హోమ్. పాత మినీబస్సంత బండి. లోపల రెండు పడకలు, ఒక పొయ్యి, గోడకి మడిచిపెట్టే బల్ల, కిటికీలకి పసుపు పరదాలు. అన్నిటికన్నా వెనక నిలువు బీరువాలాంటి చిన్న గది, దాని గోడలకి నాలుగువైపులా మందపాటి స్పాంజి. ఆ అమ్మాయి ఊరూరా స్కూళ్ళకి వెళ్ళి, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే ఆ గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేస్తుందట.

"అంటే చెవుల డాక్టరన్నమాట," అన్నాను.

"డాక్టర్ని కాదు. ఆడియాలజిస్టుని."

"నాకు నోరు తిరగదండీ."

"చెవి వినపడదు, నోరు తిరగదు. చేతులైనా పనిచేస్తాయా?"

నేను గ్రీజు చేతులు చాపి చూపించేలోపు చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది. డ్రైవరు సీట్లోంచి వాళ్ళమ్మగారు దిగింది. డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. మెడలో విజిల్ మాత్రం ఇంకా రిటైరవలేదు.

"కబుర్లు తర్వాత. బాబూ, ఇలా చూడు. ఆదివారం పొద్దున ఒకాయన వచ్చి ఈ బండి కొనుక్కుంటాడు. ఆయన ముందు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవ్వాలి. పొగ రాకూడదు. మధ్యలో ఆగకూడదు. ఆగిందా, బేరం లేదు. ఫోన్లోనే తేల్చి చెప్పాడు, నేను ఇల్లు కొనుక్కుంటున్నది రోడ్డు మీద తోసుకోడానికి కాదని."

"ఆగదు టీచరమ్మగారూ. నాది పూచీ."

"అమ్మేసి మేం ఫ్లాట్‌లోకి మారిపోతాం. మూడో అంతస్తు. కింద అమ్మాయికి క్లినిక్. తిరిగింది చాలు."

నేను పూచీ అన్న క్షణాన ఆ అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. గడ్డకట్టే చలిలో కూడా, ఏ గ్లో ప్లగ్గులూ వేడెక్కే పని లేకుండా, ఎంత మొండి ఇంజనైనా స్టార్టయ్యే చూపది. నా పనితనం మీద అనుమానం కాబోలనుకున్నాను. సరే చెవుల డాక్టరూ, ఆదివారంలోగా నీ నోటితోనే భేష్ అనిపిస్తానని మనసులో తొడకొట్టుకున్నాను.

బయట వాన మొదలైంది. ఆమె అరచెయ్యి చాపి రెండు చినుకులు పట్టుకుని, లోపలికెళ్ళి పసుపు పరదా సర్రున లాగేసుకుంది. నేను ఇంజన్ ఆపడం కూడా మర్చిపోయి ఆ పరదావైపే చూస్తూ నిలబడ్డాను.

"ఒరే, డీజిల్ తగలబడిపోతోంది!" అని మావయ్య అరిచాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ బండిలో ఇంజన్ ముందు సీట్ల మధ్య, పెద్ద పెట్టెలాంటి మూత కింద ఉంటుంది. అంటే దాన్ని ముట్టుకోవాలంటే వాళ్ళింట్లోకి వెళ్ళాలి. టీచరమ్మగారు గుమ్మం నుంచి ఇంజన్ దాకా పాత పేపర్లు పరిచి, "నడక వీటి మీదే. గ్రీజు కాలు పక్కన పడిందంటే ఊరుకోను," అంది. నా కాళ్ళేమో పొడుగు, పేపర్లేమో ఇరుకు. కాలు తప్పినప్పుడల్లా విజిల్. లోపల ఏదో మ్యాచ్ జరుగుతోందనుకుని వీధిలోవాళ్ళు గేటు పైనుంచి తొంగిచూసి, స్కోరెంత అని అడిగి వెళ్ళారు.

ముందు ఇంజన్ ఆయిల్ దింపాను. తారు ముద్దలాంటిది దిగింది. గాలి ఫిల్టరు దులిపితే సగం రోడ్డు రాలింది. రేడియేటరు కడిగి కూలెంటు మార్చాను. డీజిల్ ఫిల్టరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కడి చేతులు చాలవు. మావయ్య లారీ కిందినుంచి రానన్నాడు. ఆయనకి నిజంగా పనుందో, మేనల్లుడి మీద దయ కలిగిందో నాకు తెలియదు.

"నేనొస్తాను," అంది ఆ అమ్మాయి.

"గుమ్మం మెట్టు వెనక చెయ్యి పెట్టండి. నున్నగా బొత్తాంలాంటిది తగులుతుంది చూడండి. అది డీజిల్ ట్యాపు. పిడి ఎప్పుడో విరిగిపోయింది. పావు చుట్టు తిప్పితే మూసుకుంటుంది. ఇంకో పావు చుట్టు తిప్పితే తెరుచుకుంటుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ మూత."

"తెరిచుందో మూసుందో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. గుర్తుంచుకోవడమే. కొత్త పిడికి చెప్పాను, రావాలి."

"మూసి మర్చిపోతే?"

"స్టార్టవుతుంది. గొట్టాల్లో మిగిలిన డీజిల్‌తో కాసేపు ఆడుతుంది. తర్వాత దగ్గి, దగ్గి, ఠక్కున చస్తుంది."

"ఆహా!" అంది.

ఆ 'ఆహా'లో ఉన్న ఆసక్తికి నా గుండె ఒక గేరు మారింది.

ఫిల్టరు మార్చాం. లోపల గాలి చేరింది. డీజిల్ ఇంజన్‌కి ఆ గాలి పడదు, ఒక్క బుడగ ఇరుక్కున్నా మొండికేస్తుంది. చేత్తో నొక్కే చిన్న పంపు ఉంటుంది, ఒకళ్ళు దాన్ని నొక్కుతుండాలి. ఇంకొకళ్ళు పైనున్న మరను కాస్త వదులు చేసి, నురగ పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా చూసి బిగించాలి. ఆమె పంపు, నేను మర. ఇద్దరం ఆ పెట్టెలోకి తలలు దూర్చాం. నురగ బుసబుసా పొంగింది. ఆమె జుట్టు పాయ ఒకటి జారి నా చెవి మీద వాలింది.

"తగ్గిందా?" అంది.

"ఇంకా ఉంది."

నిజానికి తగ్గి చాలాసేపయింది. స్వచ్ఛమైన డీజిల్ నా మణికట్టు మీదుగా మోచేతి దాకా కారిపోతోంది.

"ఇప్పుడు?"

"ఇంకో బుడగ."

"నాకు కనపడ్డం లేదే?"

"సన్నగా ఉంది. దోమ ఏడ్చినట్టు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ పెట్టెలో ఆ నవ్వు గింగిరాలు తిరిగి నా మొహానికి తగిలింది. వెంటనే వెనకనుంచి విజిల్.

"తలలు బయటికి! ఇద్దరివీ!"

ఆ సాయంత్రం టీ గ్లాసు నా చేతికిస్తూ తనే అడిగింది. "ఇంకా ఏమేం చేస్తే ఇంజన్ మొండికేస్తుందండీ?"

చెప్పాను. బ్యాటరీ తీగ వదులైతే, ఫిల్టరులో నీళ్ళు చేరితే, గ్లో ప్లగ్గు పోతే, ట్యాంకులో పెట్రోలు పోస్తే. ఒక్కొక్కటీ వివరంగా, చేతులు తిప్పుతూ చెప్పాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మరీ విన్నది. ఇంతవరకు ఏ అమ్మాయీ ఇంజన్ జబ్బుల గురించి నన్నింత శ్రద్ధగా అడగలేదు. ఉన్నమాట చెప్పాలంటే ఏ అమ్మాయీ నన్నేమీ అడగలేదు.

మర్నాడు కీచు గొడవ మళ్ళీ మొదలైంది. ఉందని తను, లేదని నేను. మావయ్యని పిలిస్తే ఆయనా లేదన్నాడు.

"సరే, రండి," అని నా చొక్కా చెయ్యి పట్టుకుని వెనక గదిలో కూర్చోబెట్టింది. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతిలో బటన్ పెట్టింది. "శబ్దం వినపడితే నొక్కండి. ఊహించి నొక్కొద్దు." తలుపు మూసి, చిన్న అద్దం అవతల తన మెషీను ముందు కూర్చుంది.

అంత నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను. ఎప్పుడూ ఏదో ఒక ఇంజన్ పక్కన బతికినవాణ్ణి. అద్దంలోంచి ఆమె తల వంచుకుని ఏదో తిప్పుతోంది. దడ్. దడ్. దడ్. వినిపించింది. నొక్కాను. మళ్ళీ నొక్కాను.

హెడ్‌ఫోన్స్‌లో ఆమె గొంతు వచ్చింది. "నేనింకా మొదలుపెట్టలేదండీ."

అది నా గుండె అని చెప్పే ధైర్యం లేక, చెయ్యి జారిందన్నాను.

పరీక్ష అయ్యాక ఆమె నవ్వలేదు. ఎగతాళి చేస్తుందని కాచుకుని కూర్చుంటే, నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "మాటలూ, బొంగురు శబ్దాలూ బాగానే వినపడుతున్నాయి. బాగా సన్నటివి కుడి చెవికి సగమే అందుతున్నాయి. ఎడమ చెవికి అసలు లేవు. ఇంజన్ల దగ్గర చెవులకేమీ పెట్టుకోరా?"

"అప్పుడప్పుడూ దూది..."

"దూది పెట్టుకుంటే దూదికే సుఖం." లేచి, అరలోంచి చెవులకి పెట్టుకునే పెద్ద కప్పులు తీసి నా తలకి తగిలించింది. "ఇవి లేకుండా ఇంజన్ ముందు కనపడ్డారంటే అమ్మ విజిల్ నేను ఊదుతాను."

"అయితే ఆ కీచు నిజంగానే ఉందా?"

"ఉంది."

"ఒప్పుకున్నాను. ఎక్కడో చూపించండి."

ఇంజన్ ఆన్ చేశాం. ఆమె కళ్ళు మూసుకుని, ముక్కుతో పువ్వుని వెతికినట్టు చెవితో వెతికి, ఫ్యాన్ బెల్టువైపు వేలు చూపించింది. ఇంజన్ ఆపి బెల్టు విప్పి చూస్తే లోపలివైపు అద్దంలా నున్నబడి, సన్నటి బీటలు. ఇంకొన్నాళ్ళు పోతే నడిరోడ్డు మీద తెగేది. కొత్త బెల్టు వేసి, గర్వంగా సెల్ఫ్ కొట్టాను.

"ఇప్పుడు?"

"పోయింది," అంది. ఎవరో దగ్గరివాళ్ళు పోయిన వార్త చెప్పినట్టు. "చాలా బాగా పోయింది." లోపలికెళ్ళి పరదా లాగేసుకుంది.

"మావయ్యా, పని బాగా చేస్తే ఆడవాళ్ళకి కోపమొస్తుందా?" అని చివరికి ఒకరోజు లారీ కిందికి దూరి అడిగాను.

"మీ అత్తనడుగు. నేను బాగా చేసిన పనేదీ ఆవిడ కంటపడిన గుర్తు లేదు."

"అది కాదు మావయ్యా. బెల్టు మారిస్తే మొహం ముడుచుకుంది. ఇంజక్టర్లు శుభ్రం చేస్తే పలకడం మానేసింది. ఇవాళ పొగ అసలే లేదని చూపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

"పొగ లేకపోతే కళ్ళనీళ్ళేంట్రా?" మావయ్య పానా పక్కన పెట్టి, నన్ను జాలిగా చూశాడు. "ఇంజనైతే విప్పి చూస్తావు. మనిషి దగ్గర నోరు విప్పి అడగాలి. వెళ్ళి అడుగు. వెళ్ళేముందు మొహం కడుక్కో, గ్రీజుతో నీకు మీసం మొలిచింది."

శనివారం సాయంత్రానికి పని ముగిసింది. ఇక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. నేను మెట్టు దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆమె మగ్గుతో నీళ్ళు పోస్తోంది. వాన వెలిసి, రేకుల మీంచి చుక్కలు మాత్రం రాలుతున్నాయి.

"అంత బాగా ఎందుకు చేస్తారండీ మీరు?" అంది ఉన్నట్టుండి.

"మీకు నచ్చాలని." నోట్లోంచి గబుక్కున జారిపోయింది.

నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగింది. "నాకు నచ్చాలంటే పాడుచెయ్యాలి."

"ఏంటీ?"

"నాకు ఈ బండి అమ్మడం ఇష్టం లేదు. క్లినిక్‌లో కూర్చుంటే చెవులు బాగాలేవని తెలిసినవాళ్ళే వస్తారు. తెలియని పిల్లలు ఉంటారు చూడండి, టీచరు తిడుతోందో పిలుస్తోందో తెలియక బెంచీ మీద నవ్వుతూ కూర్చునేవాళ్ళు... వాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళాలి. రేపు ఆ ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కి స్టార్టయి ఆడుతూనే ఉంటుంది. నా పని అక్కడితో ఆగిపోతుంది."

"మరి అమ్మగారికి చెప్పొచ్చుగా!"

"ఆవిడ భుజం నొప్పి దాచుకుని స్టీరింగ్ తిప్పుతోంది. ఫ్లాట్ మాటెత్తితే చాలు, మొహం చాటంతవుతుంది. ఇన్నేళ్ళు నాకోసం తిరిగిన మనిషిని ఏ నోటితో వద్దనను? మీరూ చెప్పకూడదు."

"చెప్పను," అన్నాను. మిగిలిన నీళ్ళు నా చేతుల మీద గుమ్మరించి వెళ్ళిపోయింది.

నేను ఇచ్చిన పూచీ ఒకవైపు, ఆమె కళ్ళు ఇంకోవైపు. తూకం వేద్దామనుకున్నాను గానీ పూచీ ఉన్న పళ్ళెం నేల వదిలి ఎప్పుడో ఎగిరిపోయింది. అటూ ఇటూ చూసి, మెట్టు వెనక చెయ్యి పెట్టి, పావు చుట్టు తిప్పాను. ఇంజన్‌కి ఏ నష్టమూ ఉండదు. రేపు స్టార్టవుతుంది, కాసేపు ఆడుతుంది, దగ్గుతుంది, చస్తుంది. బేరమూ చస్తుంది. ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాను.

ఆదివారం పొద్దున వానలోనే ఆ కొనే ఆయన వచ్చాడు. తెల్లజుట్టు పెద్దమనిషి, చేతిలో పడవంత గొడుగు. గొడుగుతో ఒక్కో టైరునీ పొడిచి చూసి, "కొట్టండమ్మా సెల్ఫ్," అన్నాడు.

టీచరమ్మగారు తాళం తిప్పింది. ఒక్క సెల్ఫ్. డగ డగ డగ డగ. పొగ లేదు.

"మా పిల్లాడి చెయ్యి పడితే అంతేనండీ," అన్నాడు మావయ్య ఛాతీ విరుచుకుని.

నేను ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు దగ్గుతుంది. ఇదిగో ఇప్పుడు. గొడుగాయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఇంజన్ ఆడుతోంది. ఇంకో ప్రదక్షిణ చేశాడు. ఇంకా నున్నగా ఆడుతోంది. నా జీవితంలో అంత బాగా ఆడిన ఇంజన్ లేదు. దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోయింది. పక్కకి చూస్తే ఆ అమ్మాయి పొగగొట్టంవైపు గుడ్లప్పగించి చూస్తోంది, పెదాలు ఏదో గొణుక్కుంటున్నాయి. నేను గుమ్మం మెట్టు చూశాను. తనూ గుమ్మం మెట్టే చూసింది.

గొడుగాయన లోపలికెక్కి పడకలు నొక్కి, పొయ్యి తిప్పి, వెనక గది తలుపు తీశాడు. "ఇదేం గదమ్మా?"

"బయటి శబ్దమేదీ వినపడని గదండీ."

"అలాంటిదొకటి మా ఇంట్లో పెళ్ళయిన దగ్గర్నుంచీ కావాలనుకుంటున్నాను," అని లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు.

వెంటనే ఆ అమ్మాయి నన్ను మెట్టు పక్కకి లాగింది. ఇంజన్ హోరులో గుసగుసలాడితే లాభం లేదు, ఇద్దరం గొంతెత్తాం.

"ఎందుకాగలేదు?"

"నేనూ అదే అనుకుంటున్నా... ఉండండి. ఆగుతుందని మీకెలా తెలుసు?"

"మీకెలా తెలుసు?"

"నేను నిన్న సాయంత్రం ట్యాపు మూశాను!"

ఆమె నుదురు కొట్టుకుంది. "నేను ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటూ మూశాను!"

"మూసిందాన్ని ఎలా మూస్తారండీ?"

"తెరిచుందనుకుని పావు చుట్టు తిప్పాను! మీరే కదా చెప్పారు!"

"అంటే మీరు తెరిచారు!"

"మీరు మూస్తారని నాకేం తెలుసు! పూచీ ఇచ్చిన మనిషి!"

ఒక క్షణం ఇద్దరం ఒకరినొకరు కొరకొరా చూసుకున్నాం. తర్వాత ఎవరు ముందు నవ్వారో తెలియదు. ఆమె పొట్ట పట్టుకుని మెట్టు మీద కూలబడింది. నేను బండికి ఆనుకున్నాను. నవ్వీ నవ్వీ తలెత్తేసరికి ఎదురుగా టీచరమ్మగారు. విజిల్ ఊదలేదు. అది మోగినప్పుడు కాదు, మోగనప్పుడు భయపడాలని అప్పుడు తెలిసింది.

"ఇద్దరూ కలిసి నా బేరం చెడగొట్టాలని చూశారన్నమాట."

"కలిసి కాదమ్మా, విడివిడిగా," అంది కూతురు.

"అందుకే చెడలేదండీ," అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్. ఏమే, అమ్మడం ఇష్టం లేదా నీకు? మరి ఫ్లాట్ చూసినప్పుడు బాగుంది బాగుందని గంతులేశావు?"

"నువ్వు సంబరపడుతున్నావని!"

"నేనా? నువ్వు గంతులేశావని నేను సంబరపడ్డాను! మూడో అంతస్తు నాకెందుకే? కిటికీ తీస్తే పక్కవాళ్ళ గోడ."

"మరి నీ భుజం?"

"స్టీరింగ్ నీకిస్తే భుజం దానంతటదే నిమ్మళిస్తుంది. ఇన్నాళ్ళూ నేనే పట్టుకు వేలాడాను."

"మరెందుకమ్మా అమ్మడం?"

టీచరమ్మగారి గొంతు మొదటిసారి తగ్గింది. "నీకో ఇల్లు వాకిలీ ఉండాలని. పెళ్ళి మాటెత్తితే ప్రతివాళ్ళూ మీ ఇల్లెక్కడంటారు. బండి నంబరు చెప్పనా? ఇవాళ ఈ గేటు ముందు, రేపు ఇంకో గేటు ముందు ఉండే పిల్లని ఎవడు చేసుకుంటాడే?"

"నేను," అన్నాను.

మెదడుతో సంప్రదించకుండా నోరు చేసిన పనది. మావయ్య చేతిలో పానా నేలమీద పడింది. ఆ అమ్మాయి మెట్టు మీంచి లేచి నిలబడింది. టీచరమ్మగారు నన్ను పైనుంచి కిందిదాకా, కిందినుంచి పైదాకా చూసింది. పొడుగు మనిషిని కదా, కాస్త టైమ్ పట్టింది.

"పేపర్ల మీద తిన్నగా నడవడం రాదు నీకు."

"నేర్చుకుంటానండీ."

"షెడ్డు వదిలేసి దాని వెంట తిరుగుతావా?"

"వదలక్కర్లేదండీ. ఎంత తిరిగే బండైనా తిరిగొచ్చి ఆగడానికి ఒక చోటు కావాలి కదా. ఈ గేటుంది. స్కూళ్ళు తెరిచి ఉన్నన్నాళ్ళూ తను వెళ్ళొస్తుంది. దగ్గరూళ్ళయితే నేనూ వెంట వెళ్తాను. ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే పిస్టన్ షెడ్డని చెప్పండి."

"షెడ్డు నాదిరా," అన్నాడు మావయ్య.

"మావయ్యా!"

"కాదన్నానా? నాదని గుర్తుచేస్తున్నానంతే. అదిగో ఆ మూల పాత లారీ తీసేస్తే ఈ ఇల్లు బ్రహ్మాండంగా పడుతుందమ్మా. ఏళ్ళ తరబడి తీద్దామనుకుంటున్నా, తగిన కారణం దొరకలేదు."

టీచరమ్మగారు పెదాలు బిగించింది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. "అన్నీ మీరే మాట్లాడేసుకుంటే సరా? నన్నడిగితే ఏముంది, దాన్నడుగు."

తిరిగి చూస్తే ఆ అమ్మాయి అక్కడ లేదు. డ్రైవరు సీట్లో ఉంది. అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టుకుని, వానలో నన్ను చూస్తోంది.

"ఎక్కు," అంది.

"ఏంటండీ?"

"ఆగిన బండి ముందు నిలబడి ఎవరైనా అడుగుతారు. కదిలే బండిలో కూర్చుని అడుగు, చూద్దాం."

మీరు పోయి నువ్వు వచ్చింది. రెండంగల్లో లోపలున్నాను. "ఒరే, పేపర్లు!" అని టీచరమ్మగారు అరుస్తూనే ఉంది, బండి గేటు దాటేసింది.

వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆమె చేతిలో ఆ పెద్ద స్టీరింగ్ బుద్ధిగా తిరుగుతోంది. వీధి మలుపులో టీ కొట్టు, సైకిళ్ళ షాపు, తడుస్తున్న కుక్క, అన్నీ నన్నే చూసి నవ్వుతున్నట్టున్నాయి.

"మరి..." అన్నాను.

"మరి?"

"నన్ను చేసుకుంటారా?"

ఆమె రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "చెవులకి కప్పులు పెట్టుకుంటేనే ఇంజన్ ముట్టుకోవాలి."

"పెట్టుకుంటాను."

"ఇకమీదట నాకు చెప్పకుండా ఏదీ తిప్పకూడదు."

"మీరూ తిప్పకూడదు."

"సరే. ఏది తిప్పినా ఇద్దరం చెప్పుకునే తిప్పుదాం."

"అది సరే. నేనడిగినదానికి..."

ఆమె నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడే వెనక గది తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని తూలుతూ గొడుగాయన బయటికొచ్చాడు. ఆయన లోపలున్న సంగతి మేమిద్దరం శుభ్రంగా మర్చిపోయాం.

"అరె, బండి నడుస్తోందా! లోపల కూర్చుంటే ఏమీ తెలియనే లేదమ్మా! ఇది నాకు తెగ నచ్చింది. ఖాయం చేసేసుకుందాం."

"ఏమనుకోకండి, బండి ఇవ్వడం లేదండీ," అంది ఆమె అద్దంలోంచి ఆయన్ని చూస్తూ.

"ఇవ్వనిదానికి ఈ ట్రయల్ ఎందుకేశారు మరి?"

"ట్రయల్ బండికి కాదండీ. ఈయనకి."

గొడుగాయన నన్ను చూశాడు. చొక్కా నిండా గ్రీజు, మొహం నిండా నవ్వు. పరిస్థితి అర్థమవడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. వెనక సీట్లో సర్దుకుని కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎలా ఉందేమిటి?"

"శబ్దం కాస్త ఎక్కువండీ. పొగ లేదు."

"మధ్యలో ఆగే రకం కాదుగా?"

"ఆపాలని చూసినా ఆగడం లేదు."

"అయితే తీసుకుంటున్నావా తల్లీ?"

ఆమె ఒక్కసారి నావైపు తిరిగి, కళ్ళతోనే నన్ను పైనుంచి కిందిదాకా కొలిచి, గేరు మార్చింది.

"తీసుకుంటున్నానండీ."

"శుభం," అన్నాడు గొడుగాయన కిటికీ పరదా పక్కకి జరిపి. "ఇంకొంచెం దూరం పోనివ్వమ్మా. ఈ వానలో ఇంటికెళ్ళి మాత్రం నేను చేసేదేముంది?"